మిథేన్ అవయవాల్ని కాపాడుతుందా? బైపాస్‌కి ముందు వచ్చిన ప్రశ్నకు కాస్త పెద్ద సమాధానం

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి బైపాస్ ఆపరేషన్ చేయాలన్నారు, ఈలోపు ఎవరో పంపిన వీడియోలో "మిథేన్ వాయువు గుండెనీ కిడ్నీల్నీ కాపాడుతుందని సైన్స్ నిరూపించింది" అని విన్నారు. అది నిజమేనా, పీలిస్తే ప్రమాదమా, కడుపులో మిథేన్ ఎక్కువగా తయారయ్యేవాళ్లకి ఆ రక్షణ దానంతటదే వచ్చేస్తుందా, హైడ్రోజన్ నీళ్లలాగా మిథేన్ నీళ్లు తాగితే సరిపోతుందా, ఇవీ మీ సందేహాలు. నేను అనస్థీషియా డాక్టర్ని. గుండె ఆపరేషన్లలో, కిడ్నీ మార్పిడి ఆపరేషన్లలో రోగి తల దగ్గర నిలబడి ఇరవై ఏళ్లు దాటింది, మధ్యలో కొన్నాళ్లు ఎలుకల మీద ప్రయోగాలు చేసే ల్యాబ్‌లోనూ పనిచేసి చేతులు కాల్చుకున్నాను, ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు రెండు ముక్కల్లో చెప్పాలంటే, వీడియోలో చెప్పింది పూర్తిగా కల్పన కాదు, జంతువుల్లో నిజంగానే చెప్పుకోదగ్గ ఫలితాలున్నాయి. "నిరూపించింది" అన్న మాట మాత్రం తప్పు. మనుషుల్లో చికిత్సగా అది ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. ఇంట్లో ప్రయత్నించే పని అసలే కాదు.

ఇక వివరంగా. అసలు అవయవం ఎప్పుడు దెబ్బతింటుందో తెలియకపోతే ఈ మిథేన్ గొడవ అర్థం కాదు, కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

కిడ్నీ మార్పిడిలో దాత నుంచి తీసిన కిడ్నీ ఐసు మధ్య పెట్టిన గిన్నెలో ఉంటుంది. రక్తం అంతా కడిగేసి ఉంటారు కాబట్టి పాలిపోయి బూడిద రంగులో, ముట్టుకుంటే చల్లగా మెత్తగా ఉంటుంది. సర్జన్ రక్తనాళాలు కుట్టడం పూర్తి చేసి, రక్తం రాకుండా నాళాన్ని బిగించి పట్టిన పట్టకారు, అంటే "క్లాంప్ తీస్తున్నా" అని నాకు చెప్తాడు, నేను బీపీ చూసుకుని సరే అంటాను. క్లాంప్ వదలగానే కిడ్నీ కళ్ల ముందే గులాబీ రంగులోకి తిరిగి, నిండి, బిగుస్తుంది. అదృష్టం బాగుంటే కొన్ని నిమిషాల్లో మూత్రనాళం కొసన ఒక బొట్టు మెరుస్తుంది, థియేటర్‌లో అందరి మొహాలూ విప్పారతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం అది. కానీ కణాల స్థాయిలో చూస్తే ఆ కిడ్నీకి తగిలే దెబ్బలో పెద్ద వాటా పడేది కూడా సరిగ్గా ఆ నిమిషాల్లోనే.

ఎందుకంటే రక్తం ఆగినంతసేపూ కణంలో ఇంధనం, అంటే ఏటీపీ, తగ్గిపోతూ దాని విరిగిన ముక్కలు హైపోజాంథిన్ రూపంలో పేరుకుంటాయి. సక్సినేట్ అనే ఇంకో పదార్థం కూడా పేరుకుంటుంది, దాని పాత్ర ఎంత పెద్దదో 2014లో కేంబ్రిడ్జ్ బృందం చేసిన పనితో బాగా బయటపడింది. ఇవి ఎండుగడ్డి మోపుల్లా పడి ఉంటాయి. రక్తంతో పాటు ఆక్సిజన్ వచ్చిందంటే నిప్పు తగిలినట్టే. సక్సినేట్ గబగబా ఖర్చవుతూ, కణానికి ఇంధనం తయారుచేసే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లని రావాల్సిన దారికి ఎదురు తోస్తుంది, అక్కడ సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్, అంటే పక్కనున్నదాన్నల్లా పాడుచేసే అణువు, కుప్పలుగా పుడుతుంది. హైపోజాంథిన్ మీద జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేసి ఇంకొంత పుట్టిస్తుంది. కణంలోకి కాల్షియం ఎక్కువగా చేరుతుంది, మైటోకాండ్రియా పొరలో రంధ్రాలు తెరుచుకుంటాయి, అప్పటిదాకా బతికి ఉన్న కణం అప్పుడు చచ్చిపోతుంది. ఆ తర్వాత తెల్ల రక్తకణాలు గొడవ విని వచ్చి ఇంకొంచెం పాడు చేస్తాయి. గుండెపోటులో మూసుకున్న నాళం తెరిచినప్పుడు, బైపాస్‌లో ఆపిన గుండెని మళ్లీ కొట్టించినప్పుడు, పేగుకి మెలిక పడి విప్పినప్పుడు, అన్నిచోట్లా చిన్నా పెద్దా తేడాలతో ఇదే కథ. దీన్ని ఇస్కీమియా రీపర్‌ఫ్యూజన్ దెబ్బ అంటాం. రక్తం ఇవ్వకపోతే అవయవం పోతుంది, ఇస్తే ఈ దెబ్బ తప్పదు. ఆ కొద్ది నిమిషాల్లో ఏదైనా ఇచ్చి దెబ్బ తగ్గించవచ్చా అని నలభై ఏళ్లకు పైగా జనం తలలు బద్దలు కొట్టుకుంటున్నారు.

వాయువుల మీద ఆశ పుట్టడానికి కారణం ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ ఒకప్పుడు పొగగొట్టాల్లోంచి వచ్చే విషవాయువుగానే పేరుపడింది, ఆ తర్వాత మన రక్తనాళాలే దాన్ని తయారు చేసుకుంటాయని తేలింది, 1998లో ఆ పనికి నోబెల్ వచ్చింది, 1999లో అమెరికాలో ఊపిరితిత్తుల రక్తపోటు ఉన్న పసిబిడ్డలకి పీల్చే మందుగా అనుమతి కూడా వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఒంట్లో కొద్దికొద్దిగా తయారై సంకేతాలు మోస్తాయని తెలిసింది. 2007లో జపాన్ వాళ్లు హైడ్రోజన్ వాయువు ఎలుకల మెదడుని కాపాడిందని చూపించారు. ఈ వరుసలో చివరగా వచ్చి కూర్చున్నది మిథేన్.

మిథేన్ కథలో అసలు పని హంగరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. మిహాయ్ బోరోష్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో మత్తులో ఉన్న కుక్కలకి పేగు రక్తనాళాన్ని మూసి, మళ్లీ తెరిచే సమయానికి రెండున్నర శాతం మిథేన్ కలిపిన గాలి ఇచ్చారు. అందులో ఆక్సిజన్ మామూలు గాలిలో ఉన్నంతే, 21 శాతం. మిగతాది నైట్రోజన్. రక్తం వదలడానికి కాస్త ముందు మొదలుపెట్టి వదిలాక కాసేపు కొనసాగించారు, అంతే, రోజంతా కాదు. మిథేన్ పీల్చిన జంతువుల పేగుల్లో ఫ్రీ రాడికల్స్ తగ్గాయి, తెల్ల రక్తకణాల దాడికి గుర్తుగా కొలిచే మైలోపెరాక్సిడేజ్ తగ్గింది, పేగు గోడలో రక్తప్రసరణ మెరుగ్గా ఉంది. తర్వాత అదే బృందం ఎలుకల కాలేయంలో చూస్తే మైటోకాండ్రియా పనితీరు మెరుగ్గా నిలిచింది, పేగు లోపలి పొర లీకవడం తగ్గింది. 2019లో పందుల్ని గుండె ఊపిరితిత్తుల యంత్రం మీద పెట్టి మిథేన్ ఇచ్చి చూశారు. మీ ప్రశ్నకి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే, ఎందుకంటే బైపాస్‌లో కూడా చాలాసార్లు వాడేది ఆ యంత్రమే. ఆ పందుల్లో ఒంటి మొత్తానికీ వ్యాపించే ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకి ఒళ్లు చూపే వాపు, మంట, తగ్గినట్టు రిపోర్ట్ చేశారు.

చైనా వాళ్లు ఇంకో దారి పట్టారు. పీల్చడం బదులు సెలైన్‌లో మిథేన్‌ని ఒత్తిడితో కరిగించి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. సుమారు 2015 నుంచి గుండె, కాలేయం, కిడ్నీ, ఊపిరితిత్తులు, కంటి రెటీనా, వెన్నుపాము, చర్మం ముక్క అతకడం, సెప్సిస్, కార్బన్ మోనాక్సైడ్ విషం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఎలుకల మీద పేపర్లు వచ్చాయి. దాదాపు అన్నిట్లో ఫలితం ఒకటే, దెబ్బ తగ్గింది. మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల మీద చేసిన పనిలో మిథేన్ ఐఎల్-10 అనే ఇన్‌ఫ్లమేషన్‌ని చల్లార్చే సంకేతాన్ని పెంచుతుందని, మంటని ఎగదోసే ఎన్ఎఫ్ కప్పా బి దారిని అణుస్తుందని చూపించారు. కణం సొంత యాంటీ ఆక్సిడెంట్ ఏర్పాట్లని లేపే ఎన్ఆర్ఎఫ్2 పేరు కూడా చాలాసార్లు వినిపిస్తుంది.

అన్ని అవయవాల్లోనూ, అన్ని రకాల దెబ్బలకీ, ప్రతిసారీ పనిచేసింది అని చదివినప్పుడు మీకు సంతోషం కలగవచ్చు. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. పనిచేయని ప్రయోగాలు ఎవరి సొరుగులో ఉన్నాయో అని.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే ప్రశ్నకి వస్తాను, అసలు మిథేన్ ఏం చేస్తుంది? కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఇది నిజంగా చిక్కుముడి. ఒక కార్బన్, దాని చుట్టూ నాలుగు హైడ్రోజన్లు, ఎటు చూసినా ఒకేలా ఉండే అణువు, చార్జ్ లేదు, నీటితో పొత్తు లేదు. ఆ కార్బన్ హైడ్రోజన్ బంధం తెంచాలంటే మోల్‌కి 439 కిలోజౌళ్లు కావాలి, అంత గట్టిది. దాన్ని తెంచి తిని బతికే బ్యాక్టీరియా ఉన్నాయి కానీ మన ఒంట్లో అలాంటి ఎంజైమ్ లేదు. పీల్చిన మిథేన్ మారకుండా అలాగే ఊపిరితో బయటికి పోతుంది. "ఫ్రీ రాడికల్స్‌ని నేరుగా తినేస్తుంది" అని వీడియోల్లో చెప్తారు. ఫ్రీ రాడికల్స్‌లో అన్నిటికంటే ఆకలిగొన్నది హైడ్రాక్సిల్, అది పుట్టిన చోటే నానోసెకండ్ లెక్కలో పక్కనున్న ప్రొటీన్‌నో కొవ్వునో పట్టేస్తుంది. ఆ గుంపులో కొద్దిపాటి మిథేన్ అణువులు, అవీ ఆలస్యంగా స్పందించేవి, అడ్డుపడి ఆపగలవా? లెక్క కుదరదు. ఫ్రీ రాడికల్స్ తగ్గడం నిజమైతే, పుట్టాక పట్టుకోవడం వల్ల కాదు, పుట్టకుండా ఆపడం వల్ల అయి ఉండాలి.

ఇంకాస్త లెక్క వేద్దాం. మామూలు పీడనం దగ్గర, 25 డిగ్రీల వేడిలో, స్వచ్ఛమైన మిథేన్ కింద పెట్టిన లీటరు నీటిలో కరిగేది 22 మిల్లీగ్రాములే. రెండున్నర శాతం గాలి పీలిస్తే రక్తంలోని నీటి భాగంలో దాంట్లో నలభయ్యో వంతు, లీటరుకి అర మిల్లీగ్రాము చుట్టూ ఉంటుంది. సెలైన్ దారిలో అయితే ఎలుకలకి ఇచ్చే లెక్కన కిలోకి 10 మిల్లీలీటర్లు అనుకుందాం, 70 కిలోల మనిషికి 700 మిల్లీలీటర్లు, అందులో మిథేన్ 15 మిల్లీగ్రాములు, వాయువుగా చూస్తే పాతిక మిల్లీలీటర్లు కూడా లేదు. అది సిరలోకి వెళ్తే గుండె దాటి ముందు వెళ్లేది ఊపిరితిత్తులకే, నీటిలో ఇంత తక్కువగా కరిగే వాయువులో ఎక్కువ భాగం అక్కడే మొదటి చుట్టులోనే బయటికి పోతుంది. మరి కిడ్నీకి చేరిందెంత? కడుపు కుహరంలోకి ఇంజెక్షన్ చేసినా చాలా పేపర్లలో ఈ కొలత కనిపించదు. మందు ఎంత ఇచ్చామన్నది ఉంటుంది, అవయవంలో ఎంత ఉందన్నది ఉండదు. ఈ రంగం మీద నా మొదటి ఫిర్యాదు ఇదే.

అయితే ఏమీ లేదని కొట్టిపారేయలేను. మిథేన్ నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతుంది, కణం పొరలు, మైటోకాండ్రియా పొరలు కొవ్వుతో కట్టినవి. పొరలో చేరి అక్కడి అమరికని కొంచెం మార్చి, ఆ పొరలో కూర్చున్న ఎంజైమ్‌ల పనిని మార్చవచ్చు అన్నది ఒక ఊహ. మేం రోజూ ఇచ్చే మత్తు వాయువులు కూడా కొవ్వులో కరిగే జడపదార్థాల్లాంటివే, జినాన్ అయితే మరీను, ఎవరితోనూ కలవని వాయువు, అయినా మనిషిని నిద్రపుచ్చుతుంది. కాబట్టి "రసాయనికంగా జడం, అందుకే పనిచేయదు" అనే వాదన నా నోటి నుంచి రాకూడదు.

ఇంకో వింత కూడా చెప్పాలి. మిథేన్ అంటే చిత్తడి నేలల్లో, ఆవు కడుపులో, మన పెద్దపేగులో ఉండే ఆర్కియా అనే సూక్ష్మజీవులు తయారు చేసేదే అనుకునేవాళ్లం. 2006లో ఫ్రాంక్ కెప్లర్ బృందం ఆక్సిజన్ ఉన్నచోట కూడా మొక్కల నుంచి మిథేన్ వస్తోందని చెప్పినప్పుడు పెద్ద దుమారమే లేచింది. సెగెడ్‌లో ఎలుకలకి సోడియం అజైడ్ ఇచ్చి కణాల శ్వాసని అడ్డుకుంటే అవి వదిలే మిథేన్ పెరిగింది. 2022లో జర్మనీలోని హైడల్‌బర్గ్ నుంచి వచ్చిన పని ప్రకారం ఫ్రీ రాడికల్స్, ఇనుము, మిథైల్ గుంపులున్న పదార్థాలు ఒకచోట ఉంటే బ్యాక్టీరియా నుంచి మనిషి కణాల దాకా ఎక్కడైనా కొంచెం మిథేన్ పుట్టవచ్చు. అంటే కణం ఒత్తిడిలో ఉందనడానికి అది గుర్తు కావచ్చు. గుర్తు కావడం వేరు, మందు కావడం వేరు. పొగ వచ్చిందంటే మంట ఉందని తెలుస్తుంది, అంతమాత్రాన పొగ ఊదితే మంట ఆరుతుందని కాదు కదా. ఈ రెండిటినీ కలిపేసి రాసిన వ్యాసాలు చాలా చూశాను.

ఇప్పుడు నా ఎలుకల కథ. మేం ఒక పదార్థం మీద పనిచేస్తున్నాం, మిథేన్ కాదు, వేరేది. కిడ్నీ రక్తనాళం అరగంట మూసి తెరిస్తే, ఆ మందు ఇచ్చిన గుంపులో క్రియాటినిన్, అంటే కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం, చక్కగా తక్కువ వచ్చింది. పండగ చేసుకున్నాం, పేపర్ రాయడం కూడా మొదలుపెట్టాం. అప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన, పెద్దాయన, ఊరికే అన్నాడు, "సార్, మందు ఎలుకలకి ఎప్పుడూ పొద్దున్నే చేస్తున్నాం, మామూలు వాటికి మధ్యాహ్నం. పొద్దున ఆ హీటింగ్ ప్యాడ్ సరిగ్గా వేడెక్కదు." థర్మామీటర్ పెట్టి చూస్తే పొద్దున ఎలుకలు ఒకటిన్నర డిగ్రీ చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్న కిడ్నీ రక్తం లేకపోయినా తక్కువ దెబ్బతింటుంది, అందుకే కదా మార్పిడికి ఐసులో పెడతాం! ఒంటి వేడి సమానంగా పట్టి, ఏ ఎలుక ఏ గుంపులోదో ఆపరేషన్ చేసేవాడికి తెలియకుండా మళ్లీ చేస్తే మా అద్భుతం మాయమైంది. అప్పటి నుంచి ఎలుకల పేపర్ ఏది చదివినా నేను ముందు వెతికేది రెండే, ఒంటి వేడి ఎలా పట్టారు, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా చేశారా. మిథేన్ పేపర్ల విషయంలో ఇంకోటి కూడా, పోలిక కోసం పెట్టిన కంట్రోల్ గుంపుకి ఇచ్చింది మామూలు సెలైనా, లేక నైట్రోజన్‌ని అదే ఒత్తిడితో ఎక్కించిన సెలైనా? మిథేన్‌ని ఒత్తిడితో ఎక్కించేటప్పుడు అందులోని ఆక్సిజన్ బయటికి పోతుంది, కాబట్టి మామూలు సెలైన్‌తో పోలిస్తే అది న్యాయమైన పోలిక కాదు.

ఇది నా ఒక్కడి చాదస్తం అనుకోకండి. సైక్లోస్పోరిన్ ఏమైందో చూడండి. మైటోకాండ్రియా రంధ్రాన్ని మూసే మందు అది, జంతువుల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. 2008లో 58 మంది గుండెపోటు రోగుల్లో చూస్తే గుండెకి దెబ్బ తగ్గింది, అందరం ఎగిరి గంతేశాం. 2015లో 970 మందిలో సరిగ్గా పరీక్షిస్తే ఏ లాభమూ లేదు. చేతికి బీపీ కఫ్ కట్టి బిగించి వదిలితే గుండెకి రక్షణ వస్తుందన్న పద్ధతి కూడా అంతే, దశాబ్దాల జంతు ప్రయోగాల తర్వాత 2019లో 5,400 మందికి పైగా గుండెపోటు రోగుల్లో చూస్తే తేడా లేదు. ఎందుకంటే ల్యాబ్‌లో ఎలుక కుర్రది, ఆరోగ్యంగా ఉంటుంది, దెబ్బ ఎప్పుడు తగులుతుందో మనకి ముందే తెలుసు. రోగికి అరవై అయిదేళ్లు, షుగర్ ఉంది, బీపీ మందులు, కొలెస్ట్రాల్ మందులు వాడుతున్నాడు, నొప్పి మొదలై ఎన్ని గంటలైందో ఆయనకే సరిగ్గా తెలియదు. పోనీ మిథేన్‌కి అన్నలాంటి హైడ్రోజన్ సంగతి చూడండి, జపాన్‌లో గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న రోగుల్లో 2 శాతం హైడ్రోజన్‌తో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, 73 మందితోనే ముందుగా ఆపేయాల్సి వచ్చింది. ప్రధాన కొలమానంలో తేడా తేలలేదు, బతికినవాళ్లు మాత్రం హైడ్రోజన్ గుంపులో ఎక్కువ ఉన్నారు. ఆశ ఉంది, తీర్పు లేదు. మిథేన్ ఇంకా అక్కడి దాకా కూడా రాలేదు, రోగులకి చికిత్సగా ఇచ్చి ఫలితం తేల్చిన ట్రయల్ నేను చూపించగలిగేది ఒక్కటీ లేదు.

మరి ఎక్కడైనా అక్కరకొస్తుందా అంటే, నా అంచనా మార్పిడి కోసం తీసిన అవయవం దగ్గర. అక్కడ దెబ్బ ఏ నిమిషంలో తగులుతుందో మనకి తెలుసు, వాయువుని మనిషికి ఇవ్వక్కర్లేదు, భద్రపరిచే ద్రావణంలోనే కరిగించవచ్చు, ఊపిరితిత్తుల్లో ఎగిరిపోయే సమస్య ఉండదు, ఎంత చేరిందో కొలవచ్చు. హంగరీలోనే 2021లో ఎలుకల గుండెని మిథేన్ కరిగించిన ద్రావణంలో ఉంచి మార్పిడి చేస్తే ఆ గుండె మెరుగ్గా పనిచేసిందని చూపించారు. ఇంకో ల్యాబ్, ఇంకో దేశం, పంది కిడ్నీ మీదో కాలేయం మీదో అదే చేసి చూపిస్తే నేను కుర్చీలో ముందుకు జరిగి చదువుతాను.

ప్రమాదం గురించి. మిథేన్ దానంతటది విషం కాదు, రంగు వాసన లేదు. ప్రమాదం రెండు రకాలు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. గనుల్లో ఎన్ని వందల ప్రాణాలు తీసిందో. ప్రయోగాల్లో రెండున్నర శాతం దాటకపోవడానికి కారణం అదే, మంట అంటుకునే హద్దులో సగం. ఆపరేషన్ థియేటర్‌లో కరెంటుతో కోసి రక్తం ఆపే డయాథర్మీ పరికరం నిప్పురవ్వలు, పక్కనే ఆక్సిజన్ ఉంటాయి, ఆక్సిజన్‌లో అయితే పేలే పరిధి ఇంకా పెరిగి అరవై శాతం దాకా పోతుంది. అందుకే సిలిండర్ నుంచి మిథేన్‌ని అక్కడికక్కడ కలపడం అనే మాట వింటేనే నాకు టెన్షన్. రెండోది, గాలిలో మిథేన్ పెరిగితే ఆక్సిజన్ తగ్గుతుంది, మూసిన గదిలో మనిషి తెలియకుండానే పడిపోతాడు. దయచేసి వంట గ్యాస్, వాహనాల గ్యాస్, బయోగ్యాస్ వైపు కన్నెత్తి కూడా చూడకండి. సిలిండర్‌లో వచ్చే వంట గ్యాస్ అసలు మిథేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్. పైపు గ్యాస్‌లో మిథేన్ ఉన్నా వాసన కోసం కలిపిన గంధకం పదార్థాలుంటాయి. బయోగ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అది నిజమైన విషం. ఇది ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే ఒకరు నన్ను అడిగారు, "కొంచెం వాసన చూస్తే చాలదా డాక్టర్‌గారూ" అని.

కడుపులో మిథేన్ తయారయ్యేవాళ్ల సంగతి. పెద్దవాళ్లలో మూడో వంతు, కొన్ని లెక్కల్లో సగం మందికి ఊపిరిలో మిథేన్ కనిపిస్తుంది, మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మిథీ అనే ఆర్కియా పెద్దపేగులో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తిని దాన్ని వదులుతుంది. శ్వాస పరీక్షలో పది లక్షల్లో 10 భాగాలు దాటితే ఎక్కువ అంటారు. ప్రయోగాల్లో ఇచ్చిన రెండున్నర శాతం అంటే పది లక్షల్లో 25,000 భాగాలు. రెండువేల అయిదొందల రెట్లు తేడా. పేగు లోపల గాఢత ఎక్కువే ఉండొచ్చు కానీ గుండెకి చేరేది ఆ ఊపిరి లెక్కే. పైగా అది పేగుల్లో పెరిగితే జరిగే మేలు కంటే ఇబ్బందే స్పష్టంగా తెలుసు, 2006లో కుక్కల పేగులోకి మిథేన్ పంపిస్తే లోపలి పదార్థం కదలిక సగానికి పైగా నెమ్మదించింది, మనుషుల్లో కూడా మిథేన్ ఎక్కువున్నవాళ్లకి మలబద్ధకం ఎక్కువ. అలాంటివాళ్లు డాక్టర్ ఇచ్చిన చికిత్సని "రక్షణ పోతుందేమో" అని మానేయాల్సిన పనిలేదు.

నాన్నగారి విషయానికి వస్తే, ఆ ఆపరేషన్‌లో గుండెకి రక్షణ లేకుండా ఎవరూ చేయరు. యంత్రం మీద గుండెని ఆపే పద్ధతైతే పొటాషియం ఎక్కువున్న కార్డియోప్లీజియా ద్రావణం, తరచుగా చల్లనిది, గుండె నాళాల్లోకి పంపుతారు. గుండె కొట్టుకోవడం ఆగుతుంది, ఇంధనం ఖర్చు బాగా పడిపోతుంది, పైన చెప్పిన ఎండుగడ్డి అంత పేరుకోదు. కొట్టుకుంటున్న గుండె మీదే కుట్టే పద్ధతీ ఉంది. ఏది చేస్తారో సర్జన్‌ని అడగండి, తప్పు పట్టరు. మీ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి, సిగరెట్ ఉంటే ఇవాళే ఆపించడం, హిమోగ్లోబిన్ తక్కువుంటే ఆపరేషన్‌కి ముందే సరిచేయించడం, షుగర్ అదుపులో పెట్టడం, డాక్టర్‌కి చెప్పకుండా నొప్పి మాత్రలు వేసుకోకుండా చూడటం, ఎందుకంటే వాటిలో చాలావి కిడ్నీలకి చెరుపు చేస్తాయి. ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో అనస్థీషియా డాక్టర్ పరీక్షకి వచ్చినప్పుడు కాగితం మీద రాయించుకోండి. వాడుతున్న ప్రతి మాత్రా, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్తే మాకు చాలా పని తగ్గుతుంది.

చివరిగా మిథేన్ నీళ్లు. పావు లీటరు గ్లాసులో నిండా కరిగించినా ఉండేది అయిదారు మిల్లీగ్రాములు, వాయువుగా ఎనిమిది మిల్లీలీటర్లు. మామూలు మనిషి రోజుకి కింది నుంచి వదిలే గ్యాసే అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంటుంది. సీసా మూత తీయగానే ఆ ఎనిమిదిలోనూ కొంత ఎగిరిపోవడం మొదలవుతుంది, ప్లాస్టిక్ సీసా అయితే మూత తీయకముందే మొదలైపోతుంది. ఎవరైనా అమ్మితే కొనకండి.